పెళ్లయిన ఆడవాళ్లు డబ్బు, ఆస్తి కాగితాలు ఎలా సరిచేసుకోవాలి

భర్త ఆస్తిలో భార్యకు సగం ఉంటుందని మనలో చాలామంది నమ్ముతారు. మన చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయిన భర్త బతికి ఉన్నంతకాలం ఆయన స్వార్జితంలో భార్యకు వాటా లేదు. భార్య సంపాదించిన దాంట్లో భర్తకూ లేదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది కాబట్టి, అక్కడ పెళ్లితో ఇద్దరి ఆస్తీ ఉమ్మడి అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అది వర్తించదు.

అంటే ఇరవై ఏళ్లు వండిపెట్టి, పిల్లల్ని పెంచి, అత్తమామలకు సేవ చేసిన ఆవిడకు కోర్టు మనోవర్తి ఇప్పిస్తుందే తప్ప, భర్త పేరున ఉన్న ఇంట్లో సగం రాసివ్వదు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను. చట్టం మారేదాకా మన చేతిలో ఉన్న దారి మాత్రం ఒకటుంది. మీది అని చెప్పుకునే ప్రతిదానికీ మీ పేరున కాగితం ఉండాలి. ఆ కాగితం గొడవలు లేని రోజుల్లోనే తయారవ్వాలి. మొగుడూపెళ్లాలు బాగున్నప్పుడు ఇవన్నీ అడిగితే అనుమానిస్తున్నట్టు ఉంటుందని వెనకాడకండి. బాగున్నప్పుడైతేనే ఎవరూ అడ్డు చెప్పకుండా సంతకం పెడతారు.

మొదటి పని: బంగారం, సామాన్ల జాబితా రాయండి

పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత మీకని ఎవరు ఏది ఇచ్చినా అది స్త్రీధనం. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు, అత్తగారు వేసిన గొలుసు, మేనమామ ఇచ్చిన డబ్బు, సారెతో వచ్చిన వెండి గిన్నెలు, ఒడిబియ్యంలో పెట్టిన కానుక, స్నేహితులు చదివించిన చదివింపులు అన్నీ దాని కిందికే వస్తాయి. మీ జీతం, ఆ డబ్బుతో కొన్నవి కూడా మీవే. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ ఆస్తికి ఆమె సంపూర్ణ యజమాని.

దాన్ని ఎవరి దగ్గర దాచినా యాజమాన్యం మారదు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. భర్త గానీ అత్తమామలు గానీ స్త్రీధనాన్ని దాచి ఉంచితే వాళ్లు నమ్మకస్తులుగా ఉంచుకున్నట్టే. అడిగినప్పుడు ఇవ్వకపోతే నేరపూరిత నమ్మకద్రోహం. 2024 ఏప్రిల్‌లో మాయా గోపీనాథన్ కేసులో అదే కోర్టు ఇంకో మెట్టు ముందుకెళ్లింది. కష్టకాలంలో భర్త ఆ బంగారాన్ని వాడుకోవచ్చు, కానీ ఆ వస్తువునో దాని విలువనో భార్యకు తిరిగి ఇచ్చే బాధ్యత ఆయనదే అంది. ఆ కేసులో పెళ్లినాటి బంగారానికి గాను 25 లక్షల రూపాయలు ఇవ్వమని భర్తను ఆదేశించింది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా కేసు ఎక్కడ వీగిపోతుందంటే, "ఎంత బంగారం? ఎవరి దగ్గర ఉంది?" అని అడిగినప్పుడు. అందుకే జాబితా.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఒక్కో వస్తువుకీ ఒక్కో వరస. వస్తువు పేరు, బరువు, ఎవరు ఇచ్చారు, వాళ్లు మీకేమవుతారు, ఎప్పుడు ఇచ్చారు, సుమారు విలువ ఎంత, ఇప్పుడు ఎక్కడుంది. బరువు గ్రాముల్లో రాయండి. మన దగ్గర కొందరు కాసుల్లో చెప్తారు, కొందరు తులాల్లో చెప్తారు. కాసంటే 8 గ్రాములు, తులమంటే ఇప్పటి లెక్కలో 10 గ్రాములు. కోర్టులో ఈ తేడా దగ్గరే ఎదుటి లాయరు పట్టుకుంటాడు. ప్రతి నగనూ కాగితం మీద పెట్టి ఫొటో తీయండి. మెడలో వేసుకున్న ఫొటో కూడా ఉండాలి. నగల షాపు బిల్లులు కొన్నాళ్లకు అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి ఇప్పుడే ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి. ఆ మెయిల్ పాస్‌వర్డ్ మీ ఒక్కరికే తెలియాలి.

పెళ్లి ఇంకా జరగాల్సి ఉంటే పని మరీ సులువు. కానుకల జాబితాల గురించి వరకట్న నిషేధ చట్టం కింద 1985లోనే కేంద్రం నియమాలు తెచ్చింది. వధువుకు వచ్చినవి వధువు, వరుడికి వచ్చినవి వరుడు రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాసే అలవాటు తరతరాలుగా ఉంది కదా. దాని పక్కనే ఈ పుస్తకం ఒకటి పెట్టమని మీ నాన్నగారితో చెప్పండి. రెండు వైపుల పెద్దలతో సంతకం చేయించి, ఒక నకలు పుట్టింట్లో ఉంచండి.

పెళ్లై ఏళ్లు గడిచాయి, జాబితా లేదంటారా? ఇప్పుడు కూడా తయారుచేయవచ్చు. పెళ్లి వీడియో, ఆల్బమ్, నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్‌లో ఆ నెలల్లో తీసిన డబ్బు, పాత నగలు మార్చి కొత్తవి చేయించిన బిల్లులు, ఎప్పుడో తాకట్టు పెట్టినప్పటి గోల్డ్ లోన్ రసీదులు వెతకండి. గోల్డ్ లోన్ రసీదు మీద నగ పేరు, బరువు, తేదీ ఉంటాయి. కాబట్టి ఇక ముందు మీ నగలు తాకట్టు పెట్టాల్సి వస్తే లోన్ మీ పేరునే తీసుకోండి. భర్త పేరున పెడితే, విడిపించినప్పుడు నగలు ఆయన చేతికే వెళ్తాయి, కాగితం మీద అవి ఆయనవిగానే కనిపిస్తాయి.

ఆదాయపు పన్ను వాళ్లు వస్తారేమోనని జాబితా రాయడానికి భయపడేవాళ్లున్నారు. సోదాల్లో పెళ్లైన స్త్రీ దగ్గర 500 గ్రాముల దాకా ఉన్న బంగారు నగలను జప్తు చేయవద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1994లోనే సూచనలు ఇచ్చింది. బిల్లులుంటే అంతకు మించి ఉన్నా ఇబ్బంది లేదు.

లాకరు సంగతి. అత్తగారి పేరున ఉన్న లాకరులో మీ నగలుంటే, తెరిచే హక్కు మీకు లేదు. మీ పేరున చిన్న లాకరు తీసుకోండి, లేదా ఉన్నదాంట్లో మీ పేరు చేర్పించమనండి. రెండూ కుదరకపోతే, మీ నగలు ఆ లాకరులో ఉన్నాయని తెలిసేలా భర్తకు ఒక వాట్సాప్ సందేశం పంపండి. "నా హారం, వంకీ అత్తయ్య లాకరులోనే ఉన్నాయి కదా, వచ్చే శ్రావణ శుక్రవారానికి తీసిపెట్టమనండి" అంటే చాలు. ఆయన "సరే" అన్న జవాబు రేపు సాక్ష్యం.

మరి కట్నంగా ఇచ్చిన నగదు? కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. అయినా ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లినా పెళ్లి తర్వాత 3 నెలల్లోగా అమ్మాయికి బదిలీ చేయాలని అదే చట్టంలోని 6వ సెక్షన్ చెబుతోంది. అప్పటిదాకా అది ఆమె కోసం ఉంచిన సొమ్మే. ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

పసుపు కుంకుమ భూమి ఉంటే రిజిస్టర్ చేయించుకోండి

"ఆ అరెకరం అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఇచ్చాం" అని నలుగురిలో అంటారు. పాస్ పుస్తకం మాత్రం నాన్న పేరుననే ఉండిపోతుంది. నాన్న పోయాక అన్నదమ్ములు "మాటకిచ్చాం, కాగితం ఎక్కడుంది?" అంటారు. మన కోర్టుల్లో ఇలాంటి తగవులు లెక్కలేనన్ని. స్థిరాస్తి దానం రిజిస్టరు దస్తావేజుతో, ఇద్దరు సాక్షుల సంతకాలతో జరగాలన్నది ఆస్తి బదిలీ చట్టం నియమం. కాబట్టి నాన్నగారు ఉండగానే గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించుకోండి. కుటుంబ సభ్యుల మధ్య జరిగే దానానికి స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువే.

రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు. పేరు మారాలి. తెలంగాణలో అయితే భూభారతి వెబ్‌సైట్‌లో, ఆంధ్రలో అయితే మీభూమి వెబ్‌సైట్‌లో ఉండే అడంగల్, 1బి అనే భూమి రికార్డుల్లో మీ పేరు ఎక్కిందో లేదో మీరే చూసుకోండి. ఇంటిస్థలమైతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ పన్ను రసీదులో కూడా. ఏడాదికోసారి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన దస్తావేజుల జాబితా, తీసి చూడండి, మీకు తెలియకుండా ఏదైనా దస్తావేజు నమోదై ఉంటే అందులో బయటపడుతుంది.

పసుపు కుంకుమ తీసుకున్నంత మాత్రాన పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో మీ హక్కు పోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును పెళ్లైనవాళ్లకూ ఇచ్చింది. 2020లో వినీతా శర్మ తీర్పు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా అక్కర్లేదంది. అన్నదమ్ములు ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే, అది హక్కు విడుదల దస్తావేజేమో చదివి చూడండి. ప్రేమతో వదులుకుంటే అది మీ ఇష్టం. తెలియక వదులుకోవద్దు.

ఇల్లు కొనేటప్పుడు: లోన్‌లో పేరుంటే ఇంట్లో పేరున్నట్టు కాదు

ఉద్యోగాలు చేస్తున్న జంటలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. ఇద్దరి జీతాలూ చూపిస్తే లోన్ ఎక్కువ వస్తుందని బ్యాంకు భార్యను కో-అప్లికెంట్‌గా చేర్చుకుంటుంది. సేల్ డీడ్ మాత్రం భర్త పేరున అవుతుంది. అప్పుడు అప్పు తీర్చే బాధ్యత ఇద్దరిదీ, ఇల్లు ఒక్కరిది. రేపు ఆయన వాయిదాలు ఆపేస్తే బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది, అప్పులు ఎలా తీరుస్తున్నారో చెప్పే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, ఇంటి మీద హక్కు మాత్రం కాగితం మీద సున్నా.

కాబట్టి రిజిస్ట్రేషన్‌కి ముందే డ్రాఫ్టు దస్తావేజు అడిగి తీసుకుని కొనుగోలుదారుల వరసలో మీ పేరు ఉందో లేదో చూడండి. ఇద్దరి పేర్లూ ఉంటే, ఎవరి వాటా ఎంతో అందులోనే రాయించండి. రాయకపోతే సాధారణంగా సమానమనే అనుకుంటారు గానీ, ఎవరెంత పెట్టారన్న వాదన లేస్తే విషయం మారుతుంది. మీరు పెట్టిన డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా బిల్డరుకో, అమ్మినవాళ్లకో, లోన్ ఖాతాకో వెళ్లాలి. మీ జీతం ముందు భర్త ఖాతాకు పంపి, అక్కడి నుంచి ఆయన ఈఎంఐ కడితే, పదేళ్ల తర్వాత చూసేవాళ్లకు అంతా ఆయనే కట్టినట్టు ఉంటుంది. "మీరు ఈఎంఐ కట్టండి, ఇంటి ఖర్చు నేను చూస్తాను" అన్న పంపకం ఇంట్లో సాఫీగా నడుస్తుంది, కోర్టులో మాత్రం కిరాణా ఖర్చు పెట్టినవాళ్లకు ఏమీ మిగలదు. పంచుకోవడమంటే రెండు ఖర్చులనూ సగం సగం పంచుకోండి.

దస్తావేజు ఇప్పటికే భర్త ఒక్కరి పేరున ఉంటే, మీ వాటాను ఆయన గిఫ్ట్ సెటిల్‌మెంట్ ద్వారా మీకు రాయవచ్చు. లోన్ ఇంకా ఉంటే బ్యాంకు అనుమతి కావాలి.

భర్త డబ్బుతో భార్య పేరున కొన్న ఆస్తి సంగతి వేరు. చూపించగలిగిన ఆదాయంతో భార్య పేరున కొంటే బినామీ చట్టం దాన్ని బినామీ అనదు. ఆ మినహాయింపునే పట్టుకుని, "డబ్బు నాది, పేరు మాత్రమే ఆమెది, నిజమైన యజమాని నేనే" అని భర్త దావా వేయడానికి వీలుంటుంది. ఆయన నిజంగా మీకు ఇవ్వాలనుకుంటే, డబ్బు మీకు కానుకగా ఇస్తున్నట్టు ఒక చిన్న కాగితం రాసి, మీ ఖాతాలో వేసి, అక్కడి నుంచి అమ్మకందారుకు వెళ్లేలా చూడండి. భర్త ఇచ్చిన కానుక మీద మీకు పన్ను లేదు, దాని మీద వచ్చే అద్దెను మాత్రం ఆయన ఆదాయంలోనే కలుపుతారు.

బ్యాంకు, బీమా, నామినీ పేర్లు

ఒక ఆదివారం కూర్చుంటే అయ్యే పని. భర్త ఖాతాలు, డిపాజిట్లు, పీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు, బీమా పాలసీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద రాయించండి, మీవీ రాయండి. పెళ్లికి ముందు అమ్మ పేరో తమ్ముడి పేరో నామినీగా ఇచ్చినవి మార్పించండి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, చాలా సందర్భాల్లో యజమాని కాదు. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లకే చెందేలా చట్టం మార్చారు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. భర్త వ్యాపారం చేస్తున్నా, అప్పులున్నా, కొత్తగా తీసుకునే టర్మ్ పాలసీని వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1874 కింద తీసుకోమనండి. ప్రతిపాదన ఫారం నింపేటప్పుడే ఆ అనుబంధ పత్రం అడగాలి. అలా తీసుకున్న పాలసీ సొమ్ము భార్యాపిల్లల ట్రస్టు అవుతుంది, దాన్ని అప్పులవాళ్లు జప్తు చేయలేరు. ఏజెంట్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

సంతకం పెట్టే ముందు

భర్త చేసిన అప్పుకు భార్య బాధ్యురాలు కాదు, ఆవిడ సంతకం లేకపోతే. ప్రోనోటు మీద, షూరిటీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టవద్దు. మీ పేరున ఉన్న భూమికి జీపీఏ, అంటే మీ తరఫున వ్యవహారాలు చేసే అధికార పత్రం, రాసివ్వడమంటే అమ్ముకునే అధికారం ఇచ్చినట్టే.

రైతు చనిపోయిన ఇళ్ల ముందు వడ్డీ వ్యాపారులు కూర్చుని ఆ ఇల్లాలిని నిలదీయడం మన జిల్లాల్లో చూస్తూనే ఉన్నాం. ఆవిడకు ఈ మాట ఎవరైనా చెప్పాలి. భర్త వదిలివెళ్లిన ఆస్తి మేరకే ఆ అప్పు వసూలు చేసుకోగలరు. ఆవిడ సొంత నగలు, పుట్టింటి భూమి, రేపటి కూలి డబ్బు జోలికి రాలేరు. దుఃఖంలో ఉన్న మనిషితో కొత్త ప్రోనోటు రాయించుకుంటే మాత్రం బాధ్యత ఆవిడ మీదకు వస్తుంది. దశదిన కర్మలు అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

గొడవ మొదలైతే ఏ వరసలో ఏం చేయాలి

కోపంలో కట్టుబట్టలతో పుట్టింటికి వెళ్లిపోవద్దు. ప్రాణానికి ముప్పుంటే మాత్రం వెంటనే బయటపడండి, మిగతావన్నీ తర్వాత తెచ్చుకోవచ్చు. ముప్పు లేకపోతే ముందు కాగితాలు. ఆధార్, పాన్, పాస్‌పోర్టు, చదువు సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు మీ దగ్గర పెట్టుకోండి. భర్త జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ఆస్తి దస్తావేజులు కనిపిస్తే ఫొటో తీసుకోండి, అసలువి తీయకండి.

ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి పొమ్మంటే పోవాల్సిందే అనుకోకండి. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం ఇచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అది ఆ చట్టం చెప్పే ఉమ్మడి నివాసం కావచ్చని 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఉండే హక్కు మాత్రమే, యాజమాన్యం కాదు.

మన దగ్గర మొదట పెద్దమనుషుల పంచాయితీ అవుతుంది. వెళ్లండి, తప్పేమీ లేదు. అక్కడ రాసే ఒప్పంద కాగితంలో మాత్రం "ఇరువర్గాల మధ్య ఏ లావాదేవీలూ లేవు" అన్న వాక్యం లేకుండా చూసుకోండి. నగలన్నీ చేతికి వచ్చాకే ఆ మాట రాయాలి. ఇచ్చినవి ఏవో, ఇవ్వాల్సినవి ఏవో బరువులతో సహా రాయించండి.

పంచాయితీ తెగకపోతే, జాబితా జతచేసి ఫలానా తేదీలోగా నా స్త్రీధనం తిరిగి ఇవ్వండి అని రిజిస్టర్డ్ పోస్టులో లాయరు నోటీసు పంపండి. అడిగినా ఇవ్వలేదన్న ఆధారం అదే.

ఆ తర్వాత రెండు దారులు. ఒకటి పోలీసు కేసు, భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ నమ్మకద్రోహానికి, 85వది భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానికి. రెండోది మేజిస్ట్రేట్ కోర్టులో గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద దరఖాస్తు, దీన్నే కోర్టుల్లో డీవీసీ అంటారు. మీకు కావాల్సింది నగలు, డబ్బు, తలదాచుకునే చోటు అయితే నా సలహా రెండోదే ముందు. ఎందుకంటే ఒక్క దరఖాస్తులోనే నగలు తిరిగి ఇప్పించమని, ఇంట్లో ఉండనివ్వమని, నెలనెలా డబ్బు ఇప్పించమని, ఆయన ఆస్తులు అమ్మకుండా, ఉమ్మడి ఖాతా, లాకరు ముట్టుకోకుండా ఆపమని అడగవచ్చు. ఖర్చులకు డబ్బు ఇవ్వకుండా ఆపడం, జీతం లాక్కోవడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే, ఆర్థిక హింస. కొట్టిన దెబ్బలు చూపించనక్కర్లేదు.

దరఖాస్తు మీరు ఇప్పుడుంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు, పుట్టింట్లో ఉంటే అక్కడే. మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారి గృహహింస నివేదిక తయారుచేసి కోర్టుకు పంపుతారు. 181కి ఫోన్ చేసినా, జిల్లాలోని సఖి కేంద్రానికి వెళ్లినా దారి చూపిస్తారు. మధ్యంతర ఉత్తర్వులు అడగడం మర్చిపోవద్దు. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, వాయిదాలు అంతకంటే ఎక్కువ కాలం సాగుతాయి.

లాయరు ఫీజు లేదని ఆగిపోకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ నంబరు 15100.

తల్లిదండ్రులకు ఒక మాట. కేసు అమ్మాయే వేయాలి. పెళ్లినాటి బంగారం తిరిగి ఇవ్వలేదని, అమెరికాలో విడాకులు తీసుకున్న కూతురి తరఫున తెలంగాణలో ఒక తండ్రి కేసు పెడితే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. స్త్రీధనానికి ఆమె ఒక్కతే యజమాని, ఆమె అధికారం ఇవ్వకుండా కన్నతండ్రి కూడా అడగలేడంది.

మనోవర్తి అడిగేటప్పుడు

భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 144వ సెక్షన్ కింద, అంటే పాత 125 కింద, ఏ మతం వాళ్లయినా అడగవచ్చు. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్లున్నాయి. ఆ రెండిటి కింద ఆదాయం లేని భర్త కూడా భార్యను అడగవచ్చు.

2020లో రజనీష్ కేసు తీర్పు వచ్చాక ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు చెబుతూ ప్రమాణపత్రం దాఖలు చేయాలి. కేసు సగం ఇక్కడే గెలుస్తారు. ఆయన జీతం తక్కువ చూపిస్తే మీరు తీసిపెట్టుకున్న స్లిప్పులు, పాత రిటర్నులు, లోన్ కోసం బ్యాంకుకు ఆయనే ఇచ్చిన ఆదాయ పత్రాలు బయటికి తీయాలి. మీ ప్రమాణపత్రంలో మాత్రం ఏదీ దాచవద్దు. చిన్న ఉద్యోగం ఉంటే రాయండి, మీ సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు, పిల్లల ఖర్చు ఎలాగూ అడగవచ్చు. మనోవర్తి దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కకొస్తుంది కాబట్టి, రాజీ మాటలు నడుస్తున్నాయని నెలలు పోగొట్టుకోకండి.

భర్త చనిపోతే

వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమానంగా పంచుకుంటారు. అత్తగారికి మీతో సమానంగా ఒక వాటా ఉంటుందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది. తండ్రికి మొదటి వరసలో వాటా లేదు. మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అప్పటికే వచ్చిన వాటా పోదు. మామగారు బతికి ఉండగానే భర్త పోతే, తర్వాత మామగారు వీలునామా లేకుండా పోయినప్పుడు, చనిపోయిన కొడుకు వాటా మీకూ మీ పిల్లలకూ వస్తుంది.

మరణ ధ్రువపత్రం పది నకళ్లు తీసుకోండి, ప్రతి ఆఫీసూ ఒకటి అడుగుతుంది. తర్వాత తహసీల్దారు కార్యాలయం నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. నామినీ లేని డిపాజిట్లు, షేర్లు పెద్దవైతే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. భూమి విరాసత్‌కు, అంటే వారసుల పేరున మార్చడానికి, దరఖాస్తు పెట్టేటప్పుడు వారసుల పేర్లలో మీ పేరూ ఆడపిల్లల పేర్లూ ఉన్నాయో లేదో చూడండి.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో, విదేశాల్లో

ముస్లిం స్త్రీకి మెహర్, అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము, పూర్తిగా ఆమెదే, నిఖానామాలో (పెళ్లి ఒప్పంద పత్రంలో) మొత్తం స్పష్టంగా రాయించుకోవాలి. భర్త చనిపోతే పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా 125 కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసూ తెలంగాణ నుంచి వెళ్లిందే. క్రైస్తవ భార్యకు, భర్త వీలునామా రాయకపోతే, పిల్లలున్నప్పుడు మూడో వంతు వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పరిస్థితి పూర్తిగా వేరు. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా లాంటి రాష్ట్రాల్లో కాపురంలో సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసా మీద ఉండి ఒక్క డాలరు సంపాదించకపోయినా ఆ లెక్క మారదు. వీసా పోతుందన్న బెదిరింపుకు భయపడి అక్కడి లాయరును అడగకుండా ఇండియాకి తిరిగి వచ్చేయకండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న ఫ్లాటు యాజమాన్యం మాత్రం ఇక్కడి చట్టం, ఇక్కడి దస్తావేజు ప్రకారమే తేలుతుంది.

చివరి పని: మీ వీలునామా

ఇది భర్తలకంటే భార్యలకే ఎక్కువ అవసరం. పిల్లలు లేని హిందూ స్త్రీ భర్త కూడా లేకుండా, వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన కన్న తల్లిదండ్రులకు కాకుండా ముందుగా భర్త తరఫు వారసులకు వెళ్తుంది. వారసత్వ చట్టం 15వ సెక్షన్ అలాగే ఉంది. 2009లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని అలాగే అమలు చేసింది. చిన్న వయసులో భర్త పోయి, పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసుకున్న ఆవిడ డబ్బంతా భర్త తోబుట్టువుల వారసులకు వెళ్లింది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి మాత్రం, సంతానం లేకపోతే, తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది.

మామూలు తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ పేరు, తేదీ, ఏ ఆస్తి ఎవరికి అన్నది సర్వే నంబరు, ఖాతా నంబరు, నగల బరువులతో సహా రాయండి. ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం పెట్టాలి, వాళ్లు మీ ఎదుట పెట్టాలి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లు, ఆస్తి అందుకోనివాళ్లు అయితే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే తర్వాత ఎవరూ అది మీ సంతకం కాదనడం కష్టం. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కొత్తది రాసినప్పుడు పాతది రద్దు చేస్తున్నానని అందులో ఒక వాక్యం ఉండాలి.